అట్లాసుల వెనక దాచిన నవల: ఒక పదకొండేళ్ల పాఠకురాలి కేసు

ఇది రాసే ముందు ఆ అమ్మాయిని అడిగాను. "నా పేరు పెట్టకపోతే రాసుకోండి మేడమ్" అంది. పేరు పెట్టట్లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కూడా తీసేశాను. ఎప్పుడూ నీలం సంచి తగిలించుకుని వచ్చేది కాబట్టి నీలం సంచి అమ్మాయి అంటాను. అప్పటికి తనకి 11 ఏళ్లు. నేను లైబ్రరీలో పిల్లల విభాగం చూస్తాను. ఈ కేసులో మొదటి సగం నా పొరపాట్లే, ముందే చెప్పేస్తున్నాను.

వచ్చిన సమస్య

తల్లితో వచ్చింది. మాట్లాడింది తల్లే.

"చిన్నప్పుడు చేతిలోంచి పుస్తకం దించేది కాదండీ. ఇప్పుడు ఏది ఇచ్చినా రెండు పేజీలు తిప్పి పక్కన పడేస్తోంది. ఈ వయసు పిల్లలకి పనికొచ్చేవి, తనలాంటి అమ్మాయిల కథలు ఏమన్నా ఉంటే చూడండి."

"ఈ వయసు" అన్న మాట దగ్గర ఆవిడ గొంతు కాస్త తగ్గింది. నాకు అర్థమైపోయిందనుకున్నాను. అమ్మాయి రెండడుగుల వెనక నిలబడి సంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది.

మాకు తరచూ వచ్చే ప్రశ్నే ఇది. 9 నుంచి 12 ఏళ్ల అమ్మాయిలు మా అరల మధ్య ఎటూ కాకుండా తిరుగుతుంటారు. ఒకవైపు బొమ్మల పుస్తకాలు, కురచ కుర్చీలు, గోడ మీద ఏనుగు బొమ్మ. ఇంకోవైపు టీనేజ్ అర, దాంట్లో ప్రేమలు, హత్యలు. మధ్యలో వీళ్లకి సరిపోయే నవలలు లేక కాదు, ఉన్నాయి. కానీ రచయిత ఇంటిపేరు ప్రకారం పేర్చిన పొడవాటి వరసలో, ఆరేళ్ల పిల్లలు చదివేదాని పక్కన పన్నెండేళ్ల వాళ్లు చదివేది ఇరుక్కుని ఉండేది. రచయిత పేరు తెలియని పిల్లకి ఆ వరసలో దారి దొరకదు. మెడ పక్కకి వాల్చి పుస్తకాల వెన్నులు చదువుకుంటూ పోవాలి. పది వెన్నులు చదివేసరికి మెడతో పాటు ఆసక్తి కూడా వాలిపోతుంది.

పోనీ క్యాటలాగ్‌లో వెతుకుదామంటే, "స్నేహం, బాలల నవలలు" అని కొడితే స్క్రీన్ కింద వరకు పేర్లే. స్నేహం కుదిరే కథా, చెడే కథా, ముగ్గురిలో ఒకరు మిగిలిపోయే కథా అన్నది అందులో ఉండదు. కథ దేని గురించో క్యాటలాగ్ చెబుతుంది. చదువుతున్నప్పుడు కడుపులో ఎలా ఉంటుందో చెప్పదు.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ 1931లో ఇచ్చిన ఐదు సూత్రాల్లో రెండోది, మూడోది మాకు చదువుకునే రోజుల్లోనే కంఠతా వచ్చు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. కౌంటర్ వెనక కూర్చున్నాక తెలిసేదేమిటంటే, ఆ "తన" అన్న మాటని తేల్చే తొందర పాఠకుడికంటే మనకే ఎక్కువ.

నేనిచ్చిన పుస్తకం

నేను తిన్నగా అర దగ్గరికి వెళ్లి, అంతకు ముందు వారమే వచ్చిన ఒక నవల తీశాను. ఒంట్లో మార్పులు మొదలైన అమ్మాయి కథ. మంచి పుస్తకమే. అట్ట మీద ఒకమ్మాయి అద్దం ముందు నిలబడి ఉంటుంది. దాన్ని ఎత్తి పట్టుకుని, హాలంతా వినబడేలా కాకపోయినా పక్క బల్లకి వినబడేలా, "నీ వయసు అమ్మాయిలందరూ చదవాల్సింది ఇది" అన్నాను.

ఆ పక్క బల్ల దగ్గర తన వయసు అమ్మాయిలే ఇద్దరు కూర్చుని ఉన్నారు.

నీలం సంచి అమ్మాయి అట్ట చూసింది. బల్ల వైపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. "చదివేశాను" అంది.

చదివే అవకాశం లేదు. ఆ పుస్తకం వచ్చాక ఒక్కరూ తీసుకెళ్లలేదు. పిల్లల విభాగంలో పనిచేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది: "చదివేశాను" అంటే చాలాసార్లు "నాకొద్దు, దయచేసి లోపల పెట్టెయ్యండి" అని. నేను పెట్టలేదు. "మేడమ్ అంత చెబుతుంటే తీసుకోవే" అని తల్లి కార్డు మీద వేయించింది. మూడో రోజుకి వెనక్కి వచ్చింది. నేను పదో పేజీలో పెట్టిన గడువు చీటీ పదో పేజీలోనే ఉంది, అంగుళం కూడా కదల్లేదు.

ఆ తరహా పుస్తకాలని తప్పు పట్టట్లేదు. జూడీ బ్లూమ్ 1970లో రాసిన "ఆర్ యూ దేర్ గాడ్? ఇట్స్ మీ, మార్గరెట్"లో పదకొండు దాటి పన్నెండులోకి వస్తున్న అమ్మాయి, స్నేహితురాళ్లందరికంటే తనే వెనకబడిపోతానేమో అని దేవుడితో మొరపెట్టుకుంటుంది. పెద్దవాళ్లు ఎన్నోసార్లు దాన్ని అరల్లోంచి తీయించాలని చూశారు. అయినా ఇప్పటికీ అచ్చవుతోంది. మొదటి ప్రతుల్లో నెలసరికి వాడే బెల్టు ప్రస్తావన ఉండేది. తర్వాతి ముద్రణల్లో దాన్ని తీసేసి, అంటించుకునే ప్యాడ్లని పెట్టారు. మార్చాల్సి వచ్చింది ఆ ఒక్క వస్తువునే. ఆ పిల్ల భయాన్ని ముట్టుకోవాల్సిన పని పడలేదు.

నా తప్పు పుస్తకంలో లేదు. తల్లి గొంతు తగ్గించడాన్ని బట్టి రోగం తేల్చేసి, నలుగురిలో మందు చీటీ రాసిచ్చాను. పిల్లల సాహిత్యం మీద పనిచేసిన రూడిన్ సిమ్స్ బిషప్ 1990లో ఒక వ్యాసం రాశారు. పుస్తకాలు అద్దాలు, కిటికీలు, జరుపుకుని అవతలికి నడిచి వెళ్లగలిగే గాజు తలుపులు అన్నారు. పుస్తకాల్లో తమ మొహం ఎక్కడా కనబడని పిల్లల గురించి, ముఖ్యంగా నల్లజాతి పిల్లల గురించి పడ్డ తపన అది. మా వృత్తిలో ఆ మాటని అందరం వాడేస్తాం, వాడేటప్పుడు మొదటి ముక్క దగ్గరే ఆగిపోతాం. పదకొండేళ్ల అమ్మాయి అనగానే ఒక అద్దం తీసి మొహం ముందు పెడతాం. తను చేత్తో పట్టుకుని చూసుకుంటే అద్దమే. ఇంకొకరు పెడితే అది తనిఖీ.

అట్లాసుల వెనక

తర్వాత కొన్ని వారాలు తను బడి అయ్యాక ఒక్కతే వచ్చేది. రిఫరెన్స్ అరల వైపు వెళ్లేది. వెళ్లేటప్పుడు ఏమీ తీసుకునేది కాదు. నా నోట్సులో "చదవడం మానేసింది, కాలక్షేపానికి వస్తోంది" అని రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ కొట్టెయ్యకుండా ఉంచాను, చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది.

నెలాఖరుకి అరలు సరిచేస్తున్నాం. అట్లాసులు పెద్దవి కదా, వాటిని ముందు అంచుకి లాగి నిలబెడతాం, వెనక జానెడు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో పిల్లల నవల ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. నవలేమీ లావు లేదు, అట్ట మీద ముగ్గురు అమ్మాయిలు, ఒకరి వీపు మాత్రమే కనబడుతుంది. 94వ పేజీలో నల్ల హెయిర్ క్లిప్పు.

మొదట కోపం వచ్చింది, దాయడమెందుకు. ఆ పుస్తకం కోసం ఇంకో అమ్మాయి రెండుసార్లు అడిగింది. క్యాటలాగ్ "అరలో ఉంది" అంటుంది, అరలో ఉండదు. పోయిందని చెప్పి పంపించాను. ఇప్పుడు చూస్తే నా వెనకే పది అడుగుల దూరంలో ఉంది. అయినా ఎందుకో క్లిప్పుతో సహా ఎక్కడిదక్కడే పెట్టేశాను.

మర్నాడు నీలం సంచి వచ్చింది. తిన్నగా అట్లాసుల దగ్గరికి వెళ్లింది. రెంటిని పక్కకి జరిపి పుస్తకం తీసి, రెండు ర్యాకుల మధ్య నేల మీద కూర్చుంది. నలభై నిమిషాలు తల ఎత్తలేదు. లేచి క్లిప్పు పెట్టి, పుస్తకాన్ని మళ్లీ వెనక్కి తోసి, అట్లాసులు సర్దింది. నాకంటే నీటుగా సర్దింది.

చదవడం మానేసిన పిల్ల కాదన్నమాట. తనకి కావలసిన పుస్తకాన్ని ఎవరి సాయమూ లేకుండా తనే వెతుక్కుంది. నేను ఇవ్వలేకపోయింది పుస్తకాన్ని కాదు. దాన్ని ఇంటికి తీసుకెళ్లే వీలుని.

రెండు రోజుల తర్వాత, తను కూర్చున్న చోట కింది అర సర్దుతూ నేనూ నేల మీద కూర్చున్నాను. మొహం చూడలేదు. పుస్తకాలే చూస్తూ అన్నాను: "అది ఇంకో అమ్మాయి కూడా అడుగుతోందమ్మా. నీది అయ్యాక ఇవ్వచ్చా?"

బిగుసుకుపోయింది. "నేను పాడు చెయ్యలేదు మేడమ్."

"తెలుసు. ఇంటికి తీసుకెళ్లి హాయిగా చదువుకోవచ్చు కదా, నేల మీద ఎందుకు?"

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తీసుకెళ్తే అమ్మ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది" అంది.

నిజమే. పిల్లల కార్డుకి పెద్దవాళ్ల నంబరు ఉంటుంది. పుస్తకం ఇచ్చినప్పుడు ఒక మెసేజ్, గడువు దగ్గర పడితే ఇంకోటి. రెంటిలోనూ పుస్తకం పేరు ఉంటుంది. ఆ నవల పేరు చదివితే చాలు, కథ తెలిసిపోతుంది: ముగ్గురు స్నేహితురాళ్లలో ఇద్దరు కలిసి మూడో అమ్మాయిని వదిలేస్తారు.

"వస్తే ఏమవుతుంది?"

"ఏమైందే అంటుంది. చెప్పేదాకా వదలదు. చెప్తే వాళ్లమ్మకి ఫోన్ చేస్తుంది."

వాళ్లెవరో నేను అడగలేదు. అడగక్కర్లేకుండానే కాసేపటికి తనే చెప్పింది. మొదటి రోజు పక్క బల్ల దగ్గర కూర్చున్న ఆ ఇద్దరూ. నేను అద్దం బొమ్మ అట్టని ఎత్తి చూపించింది సరిగ్గా వాళ్ల ముందే.

ఏం అడగాలి

అమెరికన్ లైబ్రేరియన్ జాయిస్ సారిక్స్ ఇంకొకరితో కలిసి, పాఠకులకి పుస్తకాలు సూచించడం మీద 1989లో తెచ్చిన పుస్తకం మా పనికి ఒక దారి వేసింది. దాని సారం ఇది: విషయం అడక్కండి, ఈ మధ్య నచ్చిన పుస్తకం ఒకటి చెప్పించండి. చెబుతున్నప్పుడు కథ వేగం, పాత్రలు, కథ నడిచే తీరు, దాని చుట్టూ ఉన్న వాతావరణం, వీటిలో దేని దగ్గర గొంతు మారుతుందో వినండి. పెద్దవాళ్లతో ఇది చక్కగా పనిచేస్తుంది. పదకొండేళ్ల వాళ్లని "ఆ కథలో నీకు ఏం నచ్చింది?" అంటే మాత్రం పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న విన్నట్టు చూస్తారు. "బాగుంది" అంటారు. అక్కడితో అయిపోతుంది.

నీలం సంచి అమ్మాయి కూడా "బాగుంది" అనే అంది. అప్పుడు ఊరికే నోటికొచ్చి అడిగాను: "అందులో నీకు అందరికంటే ఎవరి మీద కోపమొచ్చింది?"

ఇక ఆగలేదు. కోపం వదిలేసిన ఇద్దరి మీద కాదట. "అందరూ కలిసి ఉండండి" అని తేలిగ్గా చెప్పేసిన టీచర్ మీదట. హీరోయిన్ ఏడవకపోవడం నచ్చిందట. తప్పు తనది కానప్పుడు సారీ చెప్పకపోవడం నచ్చిందట. ఇంట్లో కుక్క ఉంది కాబట్టి అది చచ్చిపోతుందేమో అని ముందే చివరి పేజీలు చూసుకుందట, చావలేదట. నీతులు చెప్పే అమ్మమ్మ లేదట, "ఎప్పుడూ ఒక అమ్మమ్మ ఉంటుంది మేడమ్" అంది.

కార్డు మీద నేను రాసుకున్నది ఇంతే: కోపం. ఏడుపు లేదు. సారీ లేదు. పెద్దవాళ్ల సాయం పనిచేయదు. "నేను" అంటూ చెప్పే కథ. పొట్టి అధ్యాయాలు. చివర్లో అతికించిన కలయిక వద్దు.

వయసు, తరగతి, "అమ్మాయిల కథ" అన్నవేవీ అందులో లేవు. ఆ ప్రశ్నని తర్వాత చాలామంది పిల్లల దగ్గర వాడాను. నచ్చిందేమిటో చెప్పమంటే మనకి నచ్చే జవాబు వెతుక్కుంటారు, కోపం దగ్గర అలా వెతుక్కోరు.

మూడు పుస్తకాలు

పది ఇస్తే ఎంచుకోవడమే భారమవుతుంది. ఒకటి ఇస్తే ఆజ్ఞలా ఉంటుంది. నేను మూడు పెడతాను. తను చెప్పినదానికి దగ్గరగా ఒకటి, బయటి లోకం వేరైనా లోపలి మంట అదే అయిన కథ ఒకటి, వేరే రూపంలో ఉన్నది ఒకటి. బల్ల మీద పెట్టి వెళ్లిపోతాను. ఏది తీసిందో చూడను. అంటే, చూడనట్టు ఉంటాను.

దగ్గరి పుస్తకం బడిలో స్నేహాల మీదే. ముప్ఫై పేజీల తర్వాత తిరిగి వచ్చింది. "ఈమె మరీ మంచిది" అంది. అంతకంటే పదునైన సమీక్ష నేను రాయలేను. విషయం సరిపోయింది, మనిషి సరిపోలేదు.

వేరే రూపంలో ఉన్నది గ్రాఫిక్ నవల. మా దగ్గర అది, విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతి ప్రకారం 741.5లో, కామిక్స్‌తో కలిసి వేరే గదిలో ఉండేది. తనకి ఆ గది ఉందనే తెలియదు. అక్కడే కూర్చుని ఒక్క విడతలో అయిపోగొట్టి, మొదటికి తిప్పి మళ్లీ మొదలుపెట్టింది. అందులో ఒక పేజీ నాకు చూపించింది. మాటలు లేవు. మూడు గడులు. మొదటిదాంట్లో ముగ్గురు కూర్చునే బెంచీ. రెండోదాంట్లో ఇద్దరు దగ్గరగా జరిగి ఏదో చూసి నవ్వుకుంటున్నారు. మూడోదాంట్లో మూడో అమ్మాయి షూ లేసు కడుతోంది, అది అప్పటికే కట్టే ఉంది. "ఇది" అని వేలు పెట్టింది. ఇంకేం చెప్పలేదు. బొమ్మల పుస్తకాలంటే చదువు వెనక్కి పోవడమని అనుకునే పెద్దవాళ్లకి ఆ మూడో గడిని చూపించాలనిపిస్తుంది.

దూరపు పుస్తకంగా నేను పెట్టింది లూయిసా మే ఆల్కాట్ "లిటిల్ విమెన్". మొదటి భాగం 1868లో వచ్చింది. 150 ఏళ్లు దాటిన కథని ఈ కాలం పిల్లకి ఇవ్వడమేంటని మీరనుకోవచ్చు. మొదటి పేజీ నుంచి చదవమని ఉంటే నిజంగానే తేలిపోయేది, ఆరంభం నెమ్మది. "ఎనిమిదో అధ్యాయం నుంచి చదువు. నచ్చితే వెనక్కి వెళ్లు, లేకపోతే ఇచ్చెయ్" అన్నాను. ఫ్రెంచి రచయిత డేనియల్ పెనాక్ 1992లో పాఠకుడి హక్కులు పది రాశాడు. వాటిలో పేజీలు దాటేసే హక్కు రెండోది, మధ్యలో వదిలేసే హక్కు మూడోది. పిల్లల విభాగంలో ఈ రెంటినీ మనం నోటితో చెప్పి ఇవ్వాలి, లేకపోతే అవి ఉన్నాయని వాళ్లకి తెలియదు.

ఎనిమిదో అధ్యాయంలో పెద్దక్క మెగ్, రెండో అక్క జో నాటకానికి వెళ్తూ చిన్న చెల్లి అమీని ఇంట్లో వదిలేస్తారు. అమీ కోపంతో జో ఏళ్లుగా రాసుకున్న కథల ప్రతిని కాల్చేస్తుంది. జో క్షమించనంటుంది. ఇష్టంగా రాసుకున్నది పోగొట్టుకుని, కోపం పట్టుకుని కూర్చున్న జోలో ఈ పిల్ల తనని చూసుకుంటుందని నా లెక్క.

వారం తర్వాత వచ్చి, "వాళ్లు అమీని తీసుకెళ్లి ఉంటే కాల్చేది కాదు కదా" అంది.

అమీ! కథ మొదలయ్యేసరికి అమీకి 12 ఏళ్లు, జోకి 15. బయటికి వెళ్తున్న ఇద్దరినీ మెట్ల మీద నుంచి చూస్తూ మిగిలిపోయిన పిల్ల అమీనే. ఇన్నిసార్లు చదివిన నాకు అది ఎప్పుడూ తట్టలేదు, ఎందుకంటే నేను చిన్నప్పటి నుంచీ జో పక్షం. ఈసారి పుస్తకం సరిగ్గానే ఇచ్చాను, అద్దంలో ఏ మొహం కనబడుతుందో మాత్రం మళ్లీ నేనే తేల్చేసుకున్నాను.

ఇంకో ప్రశ్న కూడా అడిగింది. అమీ స్కేటింగ్ చేస్తుంటే మంచు పగిలి నీళ్లలో పడిపోతుంది, దాంతో జో కరిగిపోతుంది కదా. "మంచు పగలకపోతే జో క్షమించేదా?" తర్వాత వాళ్లమ్మ తనకీ దాదాపు రోజూ కోపం వస్తుందనీ, నలభై ఏళ్లుగా దాన్ని తగ్గించుకోవాలని చూస్తున్నాననీ జోకి చెప్పే చోటు గురించి ఏమంటుందా అని ఎదురుచూశాను. దాని గురించి ఏమీ అనలేదు. పుస్తకం మాత్రం రెండోసారి గడువు పొడిగించుకుంది.

మేం మార్చినవి

అన్నిటికంటే ముందు మెసేజ్. పుస్తకం పేరు తీసేసి, ఎన్ని పుస్తకాలు, ఏ తేదీలోగా అన్నది మాత్రమే వెళ్లేలా చేయించాం. రెండు ఉత్తరాలు, రెండు నెలలు పట్టింది. "పిల్లలకి గోప్యతేంటి" అన్నవాళ్లు ఉన్నారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన హక్కుల పత్రంలో 2019లో ఏడో అంశంగా గోప్యతని చేర్చింది, వయసుతో నిమిత్తం లేకుండా అని అందులో స్పష్టంగానే ఉంది. దాని కాపీ జతచేశాను. అయితే పని జరిపించింది ఆ కాపీ కాదనుకుంటా, "పేరు వెళ్తోందని పిల్లలు పుస్తకాలు దాచేస్తున్నారు, మనకి పోయినట్టు లెక్క పడుతోంది" అన్న వాక్యం.

కొన్నాళ్లకి తల్లి వచ్చింది. "ఇదివరకు పేరు వచ్చేది, ఇప్పుడు రావట్లేదేంటండీ? మా అమ్మాయి ఏం చదువుతోందో నాకు తెలియొద్దా?" న్యాయమైన ప్రశ్నే. "తెలియాలండీ. తనని అడగండి. మా అరల్లో ఏమున్నాయో కావాలంటే ఇప్పుడే తిప్పి చూపిస్తాను. తను ఏది తీసుకుందో మాత్రం నేను చెప్పను" అన్నాను. ఆవిడకి పూర్తిగా నచ్చలేదు. కాసేపు అరల దగ్గరే కూర్చుని రెండు పుస్తకాలు తిరగేసి, ఒకటి తన కార్డు మీద వేయించుకుని వెళ్లింది. ఒక పిల్ల ప్రమాదంలో ఉందని తన మాటల్లో తెలిస్తే అది వేరే సంగతి, అప్పుడు నేను నోరు మూసుకుని కూర్చోను. కానీ ఫలానా పుస్తకం తీసుకుంది కాబట్టి ఇంట్లో ఫలానాది జరుగుతోందని ఊహించడం నా పని కాదు. హత్యల నవలలు చదివే పెద్దవాళ్లని మనం అనుమానించం కదా.

ఆ తర్వాత చోటు. 9 నుంచి 12 ఏళ్ల వాళ్ల నవలల్ని వరసలోంచి విడదీసి, కౌంటర్ నుంచి కనబడని స్తంభం వెనక పెట్టాం. కురచ కుర్చీలు తీసేసి మామూలువి వేశాం. కొన్నిటిని అట్ట బయటికి కనబడేలా నిలబెట్టాం. "అమ్మాయిల కథలు" అని బోర్డు పెడదామని ఒక సహోద్యోగి అన్నారు, నేను వద్దన్నాను. గూఢచారి కథలు కావలసిన అమ్మాయి అటు రాదు, స్నేహం కథ కావలసిన అబ్బాయి అసలే రాడు.

బోర్డుల విషయంలో ఇంకో బొక్కబోర్లా పాటు ఉంది. అరకి భావాల పేర్లు అంటించాను: ఒంటరితనం, కోపం, ఇల్లు మారినప్పుడు, స్నేహం చెడినప్పుడు. అందంగా రాయించి మరీ. వారం రోజుల పాటు ఒక్క పుస్తకం కదల్లేదు. "ఒంటరితనం" అని రాసి ఉన్న అర ముందు ఏ పిల్ల నిలబడుతుంది? నిలబడిందంటే హాలంతటికీ చెప్పినట్టేగా. చీటీలన్నీ పీకేసి, అవే మాటలు ఒక ఫైల్లో పెట్టి బల్ల మీద ఉంచాం. ఒక్కో పుస్తకానికి ఒక్కో కాగితం: కథ ఎవరు చెబుతున్నారు, అధ్యాయాలు పొట్టివా పొడుగువా, ఏడిపిస్తుందా, కుక్క బతుకుతుందా. (చివరి గడి నీలం సంచి అమ్మాయి పట్టుబట్టి పెట్టించింది.) ఫైలు తిప్పుతున్న పిల్ల ఏ కాగితం దగ్గర ఆగిందో పక్కవాళ్లకి తెలియదు. ఆ ఫైలుకి ఇప్పటికి రెండుసార్లు అట్ట మార్చాం.

ఒంట్లో మార్పుల పుస్తకాలు ఇదివరకు డ్యూయీ నంబరు 612 దగ్గర, పెద్దల అరలో ఉండేవి. వాటివి రెండేసి కాపీలు ఆ మూలనే, ఏ మాటా చెప్పకుండా కింది అరలో పెట్టాం. నేను మొదటి రోజు ఎత్తి చూపించిన నవల కూడా అక్కడే ఉంది. ఎవరూ కార్డు మీద వేయించుకోరు. అప్పుడప్పుడు మాయమై, కొన్నాళ్లకి వెనక్కి వస్తాయి. నేను దాన్ని ఇష్యూ కిందే లెక్కేస్తాను.

పేరు రాయకుండా "నాకు ఇలాంటిది కావాలి" అని చీటీ వేసే డబ్బా కూడా పెట్టాం. చీటీకి ఒక నంబరు, అదే నంబరుతో పుస్తకం పక్క అరలో ఉంటుంది, వచ్చి తీసుకెళ్లడమే.

ఇప్పటి సంగతి

అట్లాసుల వెనక నవలని ఇంకో అమ్మాయికి ఇచ్చాం, క్లిప్పు తీసి దాని యజమానికి ఇచ్చేశాక. నీలం సంచి ఇప్పుడు కార్డు మీదే పుస్తకాలు తీసుకెళ్తోంది. ఆ ఇద్దరితో స్నేహం మళ్లీ కుదరలేదు. నేను ఆ దిశగా ఏమీ చేయలేదు, చేయమని తను అడగలేదు. దెయ్యాల కథలు మాత్రమే చదివే ఇంకో పిల్లతో ఈ మధ్య ఎక్కువగా కనబడుతోంది. ఇద్దరూ స్తంభం వెనక కూర్చుని వేర్వేరు పుస్తకాలు చదువుకుంటారు, మాట్లాడుకోవడం తక్కువ.

పోయిన వారం డబ్బాలో ఒక చీటీ వచ్చింది. పేరు లేదు గానీ ఆ చేతిరాత నాకు తెలుసు, తెలియనట్టు ఉన్నాను. "అమ్మ చచ్చిపోకూడదు. అమ్మమ్మ నీతులు చెప్పకూడదు. చివర్లో అందరూ కలిసిపోకూడదు. కానీ ఏడుపుగా అయిపోకూడదు. కుక్క ఉంటే బతకాలి."

నాలుగు రోజులుగా వెతుకుతున్నాను. రెండు దొరికాయి. ఒకదాంట్లో అమ్మ పన్నెండో పేజీలో పోతుంది.